ప్రార్థన కాని బియ్యం

తెల్లవారుజామున ఐదింటికి మా ప్లాటూన్ టాటానగర్‌లో దిగింది. ఎనభైల మొదట్లో ఒక మే నెల. ఊళ్లో అల్లర్లు, కర్ఫ్యూ. అప్పటికే ఉక్కపోత, హెల్మెట్ కింద తువ్వాలు తడిసిపోయింది. మా సెక్షన్‌ను సీతారామ్‌డేరాలో ఒక కూడలి దగ్గర పెట్టారు. ఇసుక బస్తాలు, ఒక వైర్‌లెస్ సెట్. పాస్ లేనివాళ్లను దాటనివ్వకూడదు. ఏ మతం వాళ్ల ప్రార్థనా స్థలంలోనూ అడుగు పెట్టకూడదు. అవీ ఆదేశాలు.

ఎదురుగా తెలుగువాళ్ల చిన్న చర్చి. దాని వెనక బడిలో, ఇళ్లు కాలిపోయిన ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. వాళ్లలో ఒక ముసలి దర్జీ. పొగ మింగి గొంతు పాడైంది. మా రొట్టె టీలో నానబెట్టి ఇచ్చాం, దగ్గి కక్కేశాడు. హవల్దార్ వైర్‌లెస్‌లో అంబులెన్స్ అడిగాడు. రేపు చూస్తామన్నారు. రోజూ అదే జవాబు.

ఆ చర్చి సంఘంలో ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే బైబిల్ స్త్రీ కరుణమ్మ. టెక్కలి వైపు మనిషి. సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు కర్ఫ్యూ సడలింపు. ఆ గంటలో తన బియ్యంతో గంజి కాచి దర్జీకి పట్టించేది. అదొక్కటే ఆయన గొంతు దిగేది. మూడో రోజుకు ఆమె డబ్బా ఖాళీ. దుకాణాలు తెరవలేదు.

చర్చిలో మాత్రం బస్తాడు బియ్యం ఉంది. మా క్రైస్తవుల ఇళ్లలో ఎసరు పెట్టినప్పుడల్లా ఒక గుప్పెడు దేవుడికని తీసిపెడతారు. ఆదివారం పాస్టరు ప్రార్థన చేశాకే అది పేదలకు వెళ్తుంది. శనివారం సాయంత్రం ఆడవాళ్లు తెచ్చి పోశారు, ఆ రాత్రే కర్ఫ్యూ పడింది. ఆరాధన లేదు. పాస్టరు కాసిడీహ్‌లో చిక్కుకుపోయాడు. తాళంచెవి సంఘపెద్ద దగ్గర.

"ప్రార్థన అవకుండా అది ముట్టకూడదమ్మా. పాస్టరుగారు వత్తారు, ఆగు," అన్నాడాయన.

"ఆకలేసినోడిని ఆదివారం దాకా ఆగమని యేసయ్య సెప్పాడేటి?"

ఆయన తాళంచెవి మొలలో దోపుకున్నాడు. నేనూ బాప్తిస్మం తీసుకున్నవాడినే, నేను ప్రార్థన చేస్తానన్నాను.

"నువ్వు సిపాయివి బాబూ. పాస్టరువి కావు."

చెడ్డవాడు కాదు. ఆయన ఇంట్లోనూ పిల్లలు పస్తులున్నారు. ఆ బస్తాలో ఒక్క గింజ తీసుకోలేదు. తాళం పగలగొట్టనా అని హవల్దార్‌ను అడిగాను. ఆదేశం తెలుసుగా అన్నాడు. పాస్టరుకు పాస్ కావాలని మాత్రం పై అధికారులను రాత్రంతా పోరుతూనే ఉన్నాడు.

మర్నాడు నాలుగు దాటాక జీపులో పాస్టరును తెచ్చారు. విషయం వినగానే తలుపు దగ్గరే రెండు మాటల్లో ప్రార్థన ముగించాడు. సంఘపెద్ద తన చేత్తోనే బియ్యం కొలిచి ఇచ్చాడు. కరుణమ్మ పొయ్యి వెలిగించింది.

ఐదుకు కాస్త ముందు బడి గుమ్మంలోంచి నలుగురు ఒక బల్ల మోసుకుని బయటికొచ్చారు. దాని మీద దర్జీ. ముఖం కూడా కప్పేసిన దుప్పటి.

ఐదింటికి వైర్‌లెస్ మోగింది. అంతా బాగుంది, ఏ సంఘటనా జరగలేదని మా ఆపరేటర్ ఎప్పటిలాగే జవాబిచ్చాడు: "సబ్ ఠీక్. కోయీ ఘటనా నహీఁ. ఓవర్."

పదో రోజున మమ్మల్ని వెనక్కి పిలిచారు. ఇంటికొచ్చాక సంఘంలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చున్నాను.

ఆ రోజు సాయంత్రం, చర్చికీ బడికీ మధ్య సందు ఇరుకు. బల్ల ఎదురొచ్చింది. చీర చెంగుతో గంజి గిన్నె పట్టుకున్న కరుణమ్మ గోడకు ఆనుకుని దారి ఇచ్చింది. గిన్నెలోంచి ఇంకా ఆవిరి లేస్తోంది.