దగ్గు రాని అర నిమిషం

ఇవాళ ఉదయం పక్క ఆపరేషన్ థియేటర్లోంచి దగ్గు వినిపించింది. పొడి దగ్గు, వరసగా నాలుగు. జలుబు దగ్గుకూ దీనికీ తేడా మత్తు డాక్టర్లకు గోడ అవతలి నుంచే తెలుస్తుంది. ఫెంటనిల్ అనే నొప్పి మందును గబగబా ఎక్కిస్తే, నిద్రలోకి జారే ముందు కొందరు ఇలా దగ్గుతారు. చాలామందికి దాంతో నష్టమేమీ ఉండదు, మాకు కాస్త పరువు తక్కువ తప్ప. అది విన్నప్పుడల్లా నాకు రహీమా మేడమ్ గుర్తొస్తారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, పటమటలోని ఒక ఆసుపత్రిలో మత్తు డాక్టరైన ఆవిడ దగ్గర పనికి చేరాను. అప్పుడే చదువు పూర్తయింది కాబట్టి నాకు అన్నీ తెలుసు. మొదటి వారమే ఒక హెర్నియా రోగికి ఆ మందును రెండు సెకన్లలో ఎక్కించేశాను. ఆయన బల్ల అదిరేలా దగ్గాడు. ఆపరేషన్ అయ్యాక మేడమ్ టీ తాగుతూ అడిగారు.

"ఏమయ్యా, నీకు బస్సేమన్నా ఉందా?"

"లేదండీ."

"మరెందుకంత తొందర?"

ఆవిడ పద్ధతి వేరు. ముందు నరంలోకి, దగ్గును అణిచే లిగ్నోకెయిన్ మందు కాస్త పంపేవారు. తర్వాత ఫెంటనిల్‌ను సెలైన్‌లో పలచన చేసి, రోగితో కబుర్లాడుతూ ఎక్కించేవారు. మీ ఊరి నుంచి ఇక్కడిదాకా బస్సు ఎక్కడెక్కడ ఆగిందో చెప్పమనేవారు. ఒక్కో ఊరికి సిరంజి మీద ఒక్కో గీత మేర మందు. మంగళగిరి వాళ్లొస్తే ఇబ్బంది, దగ్గరే కాబట్టి ఊళ్లు చాలవు. వాళ్లను చుట్టాల పేర్లు అడిగేవారు.

రెండు నెలలు ఆవిడ కళ్లెదుట నిదానం నేర్చుకున్నాక, బందరు వైపు నుంచి నాగరాజు అనే ఆయన వచ్చాడు. సముద్రం మీద చేపలు పడతాడు. తీగ కొస కుడికంట్లో గుచ్చుకుంది. ఎడమకన్ను చిన్నప్పుడే పోయింది. కంటి డాక్టరు గారు మమ్మల్ని పక్కకు పిలిచి, "గట్టిగా ఒక్కసారి దగ్గాడంటే కంటి లోపలిదంతా ఆ చిల్లులోంచి బయటికొచ్చేస్తుందండీ. ఆపైన నేను కుట్టడానికేం ఉండదు" అన్నారు. మేడమ్ తలూపి, సిరంజి నా చేతిలో పెట్టారు. నాకు తెలిసినవన్నీ ఆ క్షణాన మూకుమ్మడిగా సెలవు పెట్టాయి.

ఆవిడ ఆక్సిజన్ మాస్కును అతని ముఖం దగ్గర పట్టుకున్నారు. "చెప్పండి నాగరాజు గారూ, బస్సు ఎక్కడెక్కడ ఆగింది?"

"పామర్రులో ఆగిందండీ..."

ఒక గీత.

"తర్వాత?"

"ఉయ్యూరండీ..."

నా బొటనవేలు కాస్త బరువెక్కింది. మేడమ్ తలెత్తకుండానే, "డ్రైవరు గారూ, ఇంకా ఎక్కేవాళ్లున్నారు" అన్నారు. వేలు నెమ్మదించింది.

"కంకిపాడు... పెనమలూరు..."

సిరంజి ఖాళీ అయింది. నాగరాజు ఊపిరి నిదానంగా ఉంది. మేడమ్ నిద్రమందు ఇచ్చారు. దగ్గు రాలేదు. నేనే ఒకసారి గొంతు సవరించుకోబోయి మానేశాను.

మూడోరోజు కట్టు విప్పితే, కంటి డాక్టరు గారు చూపించిన వేళ్లు నాగరాజు లెక్కపెట్టి చెప్పాడు. ఆ డాక్టరు గారి చేతులు నుదుటికి ఆనించుకున్నాడు. తర్వాత మా వైపు తిరిగి, "వీరెవరండీ?" అన్నాడు.

"మీకు మత్తిచ్చినవాళ్లమండీ" అన్నారు మేడమ్.

"అలాగాండీ. నాకేం గుర్తులేదండీ."

వరండాలోకి వచ్చాక ఆవిడ నా భుజం తట్టారు. "విన్నావా? ఏం గుర్తులేదంట. బాగా చేశావు."

ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఇప్పటికీ నేను మత్తిచ్చినవాళ్లు ఆసుపత్రి వరండాలో ఎదురై, నన్ను గుర్తుపట్టకుండా సాగిపోతుంటారు. పక్కకు జరిగి దారిస్తాను. లోపల మాత్రం సన్మానం జరిగినట్టే ఉంటుంది.