వదులు అనేదాకా

లడఖ్‌లోని ఆ ఆర్మీ శిబిరంలో నేను దిగింది సాయంత్రం పూట. లారీ దిగీ దిగగానే గాలి చెవులు కోసేసింది. తెనాలి ఎండని తిట్టుకుంటూ పెరిగిన నోరు ఇది. ఆ పూటే లెంపలేసుకున్నాను. చెట్టు లేదు, పిట్ట లేదు. రాయి, మంచు, ఓ రేకుల షెడ్డు. ఆ షెడ్డులో బండ్లు బాగుచెయ్యడం నా డ్యూటీ.

మర్నాడు ఓ డ్రైవరు షెడ్డులోకి తల పెట్టాడు.

"అన్నా, తెనాలంట కదా?"

"అవును. నువ్వు?"

"వాడరేవు. అత్తోరిది రేపల్లె."

అంతే, ఆ కొండమీద నాకో చుట్టం దొరికాడు. వాళ్ళది సముద్రం మీద చేపలు పట్టే కుటుంబం. వాడు చేపల పులుసు సంగతి చెబుతుంటే నేను డబ్బా పప్పు తింటూ వినేవాణ్ణి. పాపిష్టి పప్పు, ఆ మాటలతోనే దిగేది.

వాడు కొండెక్కాక బాపట్ల ఆసుపత్రిలో వాడికి కూతురు పుట్టింది. ఫోన్లో ఏడుపు విన్నాడు గానీ మొహం చూళ్ళేదు. ఫొటో వచ్చేంత సిగ్నల్ మాకెక్కడిది? చివరికి సెలవు దొరికింది. సెలవు వాళ్ళని కిందికి దింపే జీపు వాడే తోలాలి. ఆ ఏడాదికి అదే ఆఖరి బండి. తర్వాత మంచుపడి రోడ్డు మూసేస్తారు. అది తప్పితే ఎండలొచ్చేదాకా కొండమీదే.

బయల్దేరాల్సిన ఉదయం చూస్తే ఏముంది? ముందు చక్రం దగ్గర బ్రేకు గొట్టం చలికి పగిలి ఆయిలంతా కారిపోయింది. కొత్త గొట్టం వేశాను. కానీ లోపల గాలి చేరింది. పెడల్ తొక్కితే ఉడికిన చిలగడదుంప మీద కాలేసినట్టు దిగిపోతోంది. సుబేదారు ఒకసారి తొక్కి చూసి, "బ్రేకు పట్టేదాకా బండి కదలదు" అని హిందీలో తేల్చేసి పోయాడు. ఇటు వైర్‌లెస్‌లో కింది పోస్టు వాడి అరుపు: "మబ్బు దిగుతోంది. మధ్యాహ్నం దాటితే గేటు మూత. ఓవర్."

గాలి తియ్యడం ఇద్దరి పని. పైన కూర్చున్నవాడు పెడల్ తొక్కి అలాగే పట్టుకోవాలి. చక్రం దగ్గర పడుకున్నవాడు నిప్పల్ అనే చిన్న మర లూజు చేస్తే ఆయిలుతోపాటు గాలి బుడగలు బయటికొస్తాయి. నిప్పల్ బిగించాకే పైవాడు కాలు తియ్యాలి. ముందే తీశాడో, పోయిన గాలి మళ్ళీ లోపలికి దూరుతుంది.

మంచు మీద గోనెపట్టా పరిచి వెల్లకిలా పడుకున్నాను. వేళ్ళు నావో కావో తెలియడం లేదు.

"తొక్కు. పట్టు. వదులు."

నాలుగు చక్రాలూ అయ్యాయి. పెడల్ మెత్తగానే ఉంది. మళ్ళీ మొదలెట్టాం, మళ్ళీ అదే వరస. నాకు తిక్క రేగింది. అప్పుడు వినిపించింది. పైన వాడు నోట్లోనే "హైలెస్సా, హైలెస్సా" అంటున్నాడు. ఒడ్డున పదిమందీ కలిసి వల లాగేటప్పటి పాట. కాలు ఆ పాటకే ఆడుతోంది, నా మాటకి కాదు.

"ఓరి నీ దుంపతెగ! ఇదేవన్నా వలనుకున్నావంట్రా?"

"తొందరలో అదే వచ్చేస్తోందన్నా. బరువు పనంటే మాకు పాట రావాల్సిందే."

నాలుగు తిడదామని లేచాను. వాడి కళ్ళనిండా నీళ్ళు.

"పిల్లని చూడకుండా ఇక్కడే ఉండిపోతానేమో అన్నా."

తిట్టడం మానేసి పానా కింద పెట్టాను.

"సరేగానీ, అల వెనక్కి గుంజేటప్పుడు వలతాడు వదిలేస్తావా?"

"ఎవడొదుల్తాడు? మడమలు ఇసకలో దిగ్గొట్టి పట్టుకుంటాం, పెద్దోడు చెప్పేదాకా."

"ఇప్పుడు పెద్దోణ్ణి నేనే. నీ కాలికింద ఉంది ఆ తాడే అనుకో."

వాడు ఇంక పాట ఎత్తలేదు. నేను వదులు అనేదాకా కాలు తియ్యలేదు. బుడగలు తగ్గుతూ వచ్చి, చివరికి ఉత్త ఆయిలే దిగింది. పెడల్ గట్టిగా నిలబడింది. సుబేదారు బండి కొంతదూరం తోలి, బ్రేకు కొట్టి చూసి, తలూపాడు.

వాడు నన్ను కావలించుకున్నాడు. నా ఒంటి నిండా బ్రేకు ఆయిలు. పట్టించుకోలేదు.

"మీ ఇంట్లో ఏం చెప్పమంటావన్నా?"

"బాగానే ఉన్నానని చెప్పు."

పచ్చి అబద్ధం. ఇంటిమీద బెంగతో నాకు అన్నం సయించడం లేదు.

ఎండలొచ్చాక నేనూ కొండ దిగాను. ఇప్పుడు రిటైరయ్యి తెనాలిలో కార్లు బాగుచేస్తున్నాను. గాలి తియ్యడానికి మిషనొచ్చింది, రెండో మనిషితో పనిలేదు. వాడు వాడరేవులో పడవ ఇంజన్లు చూసుకుంటున్నాడు. వాడి కూతురు నన్ను పెదనాన్నా అంటుంది. అంతా బాగానే ఉందండి. అయినా కారు కింద దూరినప్పుడల్లా నాకు కనబడేది ఒకటే.

జీపు మబ్బులోకి దిగిపోతోంది. మలుపొచ్చినప్పుడల్లా వెనక ఎర్రదీపాలు వెలుగుతున్నాయి, అంటే బ్రేకు పడుతోంది. నేను గట్టుమీద నిలబడి, ఒక్కసారి ఆపరా, ఒక్కసారి నాకోసం ఆపరా అనుకుంటున్నాను. ఆపితే పరిగెత్తుకెళ్ళి ఎక్కేసేవాణ్ణి, తర్వాత ఏమైతే అదయ్యేది. దీపాలు వెలిగాయి. ఆరిపోయాయి. కింది మలుపులో మళ్ళీ వెలిగాయి. బండి మాత్రం ఆగలేదు.