బంతిని చూడని ఐవా పెద్దమ్మ

"జన్మలో ఒక్కసారైనా ఆటకర్ర పట్టావా నువ్వు?" అని కోచ్ ఓర్విల్ ఓసారి అరీనా నిండా జనం ఉండగా ఐవా పెద్దమ్మను అడిగేశాడు.

"పట్టలేదు, పట్టను. లాంగ్‌హౌస్ మనిషివై ఉండి ఆడదాన్ని ఆ మాట అడుగుతావా? నలభయ్యేళ్లు పట్టుకున్నావుగా, ఏం ఒరిగింది? నాకు కళ్లున్నాయి," అంది పెద్దమ్మ, మొక్కజొన్న సూపు గిన్నెకు మూత బిగిస్తూ.

హికరీ చెక్కతో చేసిన మగవాళ్ల ఆటకర్రను ఆడవాళ్లు తాకరు. గ్రాండ్ రివర్ నది పక్కన, లాంగ్‌హౌస్ ఆచారం పాటించే ఇళ్లలో అది తాతలనాటి కట్టడి. తాకొద్దన్నారు గానీ చూడొద్దని ఎవరూ అనలేదు కదా! ఆ సందు దొరకబుచ్చుకుని పెద్దమ్మ అరవయ్యేళ్లుగా, వల కట్టిన కర్రలతో బంతి ఆడే ఆ లాక్రోస్ చూస్తోంది. ఆవిడ పిచ్చల్లా ఒకటే: బంతి వంక కన్నెత్తి చూడదు. ఆటకొక మనిషిని ఎంచుకుని, మొదటి నుంచి చివరిదాకా వాడినే చూస్తుంది. ఊరంతా గోల్ అని గంతులేస్తుంటే, బెంచీ మీద బూటు తాడు ముడేసుకునేవాడి మీద ఉంటుంది ఆవిడ చూపు. ఆట అయ్యాక పార్కింగ్‌లో కనిపించినవాడినల్లా ఆపి, "ఇంతకీ ఎవరు గెలిచారు నాయనా?" అని అడుగుతుంది.

ఈమధ్య ఆ చూపంతా చెల్లెలి కొడుకు ఎల్వుడ్ మీద పడింది. "పద్నాలుగూ! నిద్రపోతున్నావా?" అని కేక వేస్తే పైకప్పు అదిరేది. తట్టుకోలేక ఎల్వుడ్ జెర్సీ నంబరు మార్చుకున్నాడు. నిమిషం గడవకుండానే, "ఇరవై మూడూ! నంబరు మారిస్తే నడక మారుతుందా?"

జూలైలో అతని చీలమండ బెణికింది. ఫైనల్స్ జాబితాలో ఇరవై పేర్లకే చోటు. ఇరవై ఒకటోవాడు ఎల్వుడేనని జనం ముందే తేల్చేశారు.

"ఇంట్లో ఏడుస్తూ కూర్చుంటావా, నా పక్కన కూర్చుంటావా?" అంది పెద్దమ్మ.

మూడు వారాలు, ఫైనల్లో ఎదురయ్యే జట్టు ఆటలన్నీ చూపించింది. "ముప్ఫై రెండో నంబరువాణ్ణి చూడు." ఎల్వుడ్ కళ్లు బంతి మీదికి పోయినప్పుడల్లా తొడ మీద ఛెళ్లుమనేది. "బంతికేం, దాన్ని చూసేవాళ్లు వెయ్యిమంది ఉన్నారు!"

అయిదో ఆటలో ఎల్వుడ్ ఉన్నట్టుండి నిటారుగా కూర్చున్నాడు.

"పెద్దమ్మా, వీడు ఆటంతా వాగుతూనే ఉంటాడు. కొట్టే ముందు మాత్రం నోరు మూస్తాడు."

"ఊఁ. సూపు తాగు."

జాబితాలో తన పేరు చూసి మొదట నమ్మనిది ఎల్వుడే. ఫైనల్లో ముప్ఫై రెండోవాడు ఎదురుపడగానే మొదలెట్టాడు. "ఏరా కుంటోడా! మీవాళ్లకు మనుషులే దొరకలేదా? మీ పెద్దమ్మనైనా దింపాల్సింది!" వాగుడు టక్కున ఆగింది. ఆ క్షణానికే ఎల్వుడ్ వాడి దారికి అడ్డంగా ఉన్నాడు. బంతి వాడి కర్రలోంచి ఎగిరిపడింది. అలా అయిదుసార్లు. ఆరోసారి పాపం వాడు మాట్లాడుతూ కొట్టబోయాడు గానీ, గురి తప్పింది.

గెలిచాక ఎల్వుడ్ కోచ్ దగ్గరికి వెళ్లాడు. "నన్నెందుకు ఉంచావు?"

"నేనెక్కడ ఉంచాను? జాబితాలో నీ పేరు మూడుసార్లు కొట్టేశాను," అన్నాడు ఓర్విల్. "మూడుసార్లూ మీ పెద్దమ్మ వచ్చి మా వరండాలో కూర్చుంది. 'మన జట్టులో డారిల్ కొట్టిన పదకొండు గోల్స్‌కు అడ్డొచ్చినవాళ్లను ఆపిందెవరు, ఎల్వుడ్ కాదూ?' అంటూ ఒక్కో ఆటా తేదీతో సహా అప్పజెప్పింది. 'పేరు రాస్తే లేస్తాను, లేకపోతే నీ కుర్చీ నాదే' అంది. ఏం చెయ్యను? నా కుర్రతనంలో నా పేరూ అలాగే నిలబెట్టిందట. మా పాత కోచ్ మొన్నీమధ్యే బయటపెట్టాడు."

మర్నాటి స్నేహపు ఆటకు ఎల్వుడ్ తిన్నగా వెళ్లి ఆవిడ ఎదుట నిలబడ్డాడు.

"ఓర్విల్‌కు అంత చెప్పావు. నాకొక్క మంచి మాట చెబితే నీ సొమ్మేం పోయేది?"

"నువ్వు చేసింది నీకే చెప్పడమేంటి? తెలియనివాడికి చెప్పాలి గానీ," అని అతని నడుం పట్టి పక్కకు నెట్టింది. "జరుగు, అడ్డొస్తున్నావు. ఆ నలభయ్యో నంబరువాణ్ణి జట్టులోంచి తీసేస్తారట."