అయువో కాచిన పీతో

మా పక్కింటి అయువో మొగుడు దెరీ, మిట్టమధ్యాహ్నం పొలం నుంచి వచ్చి, ఆమె కాచిన పీతో, అదే జొన్నకల్లు, ఒక సొరచిప్పెడు తాగి గోడకి ఆనుకుని కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. ఎండదెబ్బ అని ఆసుపత్రిలో చెప్పారు. అతని తమ్ముడు బయోర్ ఆ మాట చెవిన పెట్టలేదు. వదిన కుండలో ఏదో కలిపిందని శవం దగ్గరే గొణిగాడు. సంతనాటికి అది మా నాందోమ్ ఊరంతా పాకింది.

కర్మలు ముగిశాక నేరుగానే చెప్పాడు. "వదినా, ఇక ఈ ఇంట్లో పీతో కుండ పొయ్యి ఎక్కకూడదు. కాదంటావా, నీ పుట్టింటికి పో."

"మానేస్తే, కలిపానని ఒప్పుకున్నట్టే కదా మరిదీ. కాస్తాను. చేతనైతే పొయ్యి ఆర్పు."

పొయ్యి ఆర్పలేదు గానీ, ఆమె నానబోసిన జొన్నలు కోళ్లకి పారబోశాడు. ఏడుస్తూ ఉంటుందని గోడ దాటి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని కోళ్లని చూస్తోంది. "ఒక్కటీ చావలేదు చూశావా అక్కా," అంది.

మళ్లీ జొన్నలు నానబోసింది. ఈసారి తను పడుకునే గదిలోనే గోనెపట్టా కప్పి మొలకెత్తించింది. ఎండబోసినప్పుడు కర్ర పట్టుకుని కాపలా కూర్చుంది. పిండి పట్టించి నీళ్లలో కలిపి, బెండ జిగురుతో తేర్చి, పులిశాక సాయంత్రం దాకా కాచింది. చల్లారాక, పాలకి తోడేసినట్టు పాత పీతో అడుగు మడ్డి వేసింది. తెల్లారేసరికి నురగ పొంగింది.

సంతలో తను ఎప్పుడూ పీతో అమ్మే చోటనే కూర్చుంది. కాచినామె ముందు తాగి చూపించాకే ఎదుటివాళ్లకి ఇవ్వడం మా పద్ధతి. అడిగే మనిషే లేకపోయినా అయువో సొరచిప్ప ముంచి, నలుగురూ చూసేలా నిలబడి తాగింది. తర్వాత నేనొక్కదాన్నే తాగాను. పక్కింటిది తాగితే లెక్కలోకి రాదన్నారు. మిగిలినదంతా పందులకి పోసింది. పై సంతకి మళ్లీ కాచింది. మళ్లీ పందులకే పోసింది.

ఆ తర్వాతి సంతకి ఆమె అత్త కర్ర పొడుచుకుంటూ వచ్చింది. కొడుకు పోయాక ఆ ముసలమ్మ ఎవరితోనూ మాట్లాడింది లేదు. బల్లమీద కూర్చుంది. వెనకే బయోర్, వద్దమ్మా వద్దమ్మా అంటూ పరిగెత్తుకొచ్చాడు.

"నాకో చిప్ప పొయ్యి కోడలా," అంది ముసలమ్మ.

అయువో కంగారులో చిప్ప ముంచి తిన్నగా అత్తకే అందించింది. ముసలమ్మ పుచ్చుకోలేదు.

"ముందు నువ్వు తాగవే. అత్తనైతే పద్ధతి మారుతుందా?"

అయువో తాగింది. ముసలమ్మ ఆఖరి చుక్కదాకా తాగి, చిప్ప బోర్లించి బయోర్‌కి చూపించింది.

"నీ అన్న ఎండకి పోయాడురా. కోడల్ని కూడా పోగొట్టుకోమంటావా నన్ను?"

బయోర్ గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. ముసలమ్మ రెండో చిప్ప అడిగింది. అది సగమయ్యేసరికి పక్క కుండల దగ్గరి మగాళ్లు ఒక్కొక్కరే లేచి ఇటొచ్చారు. ఆలస్యమెందుకైందో అయువో ఎవర్నీ అడగలేదు. కానీ ప్రతివాడి ముందూ తాను తాగి, వాడి కళ్లలోకి చూసి మరీ ఇచ్చింది.

బయోర్ మాత్రం ఇప్పటికీ తాగడు. ఆమె రమ్మనదు. అతను సంతలో అటుగా దాటుతుంటే, గొంతు ఇంకాస్త పెంచి పీతో, తాజా పీతో అని కేక వేస్తుంది.