నాలుగో గడిలో నేను కలిపింది

ఎనిమిదో తరగతిలోనే బడి మానేశాను. ఆ రోజు మా లెక్కల మేష్టారు ఆనందబాష్పాలు రాల్చారని అంటారు, నేను చూడలేదు. అలాంటివాణ్ణి, జపాన్ భాషలో పుస్తకం చదివానంటే నవ్వకండి. చదవలేదు, చూశాను. పోర్టులో క్రేన్లకు రంగులేసే పనిలో ఉండగా, ఓడ దిగిన నావికుడెవరో టీ బడ్డీ దగ్గర వదిలిపోయిన లావుపాటి బొమ్మల కథ అది. వాళ్ళ పుస్తకాలు వెనక నుంచి తిప్పాలని తెలియక మామూలుగా తిప్పాను. చచ్చిపోయినవాడు లేచి కూర్చుని, జబ్బు నయమై, చివరికి పెళ్ళి కూడా తప్పించుకున్నాడు. చాలా మంచి కథ అనుకున్నాను.

తర్వాత గాజువాకలో నా గదిలో కూర్చుని, పుస్తకం అట్టను ఫొటో తీసి ఆ బొమ్మలాయన గురించి ఫోనులో వెతికాను. ఆయనా మొదట్లో రంగుల పనివాడేనట, దుకాణాల బోర్డులు రాసేవాడట. ఆ తర్వాత పేరున్న ఒక పెద్దాయన దగ్గర చేరి, ఏళ్ళ తరబడి వాన, పెంకులు, కరెంటు తీగలు మాత్రమే గీశాడట. మనుషులను గీయడం పెద్దాయన సొత్తు. సొంత కథ అచ్చయ్యేసరికి జుట్టు నెరిసింది. ఇప్పుడు మాత్రం ఆ దేశంలో ఆయనంటే మహా గౌరవం. ఆయన బొమ్మలో మొహానికి నాలుగు గీతలుంటే, వెనక గోడకు నాలుగు వేలుంటాయి. భయపడ్డ మనిషి చుట్టూ సన్నటి వణుకు గీతలు, కణత పక్కన ఒక చెమట చుక్క. బ్రష్షు పట్టిన చెయ్యి కదా, ఆ గీతలు నాకు రెండు వారాల్లో వచ్చేశాయి.

అప్పుడే మా బావ క్రేను మీద ఆగిపోయాడు. బావంటే చుట్టరికం కాదు, ఒకరినొకరం అలా పిలుచుకుంటాం. ఎలమంచిలి నుంచి నాతోపాటు పనికి వచ్చినవాడు. సగం నిచ్చెన ఎక్కి, కడ్డీని కావలించుకుని ఉండిపోయాడు. పైన మేమిద్దరమే.

"బావా, కాళ్ళు రాటం లేదు."

"కిందకి సూడకు. నా మొకం సూడు. ఇక్కడ ఇంతకన్నా బయపడాల్సిందేటీ లేదు."

ఒక్కొక్క మెట్టే దింపాను. నేల మీదికి వచ్చాక నా చెయ్యి వదలకుండా అన్నాడు: "ఎవలికీ సెప్పకు బావా."

"నానెందుకు సెప్తాను?"

చెప్పలేదు. గీశాను. మొదటి గడిలో బావ దర్జాగా ఎక్కుతున్నాడు. రెండో గడిలో కిందికి చూశాడు. మూడో గడిలో కడ్డీ, బావ, చుట్టూ వణుకు గీతలు. అక్కడితో ఆపితే నవ్వు సరిపోవడం లేదనిపించింది. నాలుగో గడిలో నిచ్చెన కింద చిన్న మడుగు గీశాను. అది జరగలేదు. నవ్వు కోసం కలిపాను. మా పనివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను.

పొద్దున్న బావ రాగానే మొదలెట్టారు. "ఏటి బావా, ఇయ్యాల గొడుగులెట్టుకుని పన్సెయ్యాలా?" "ఒరే, ఆడి కింద నిలబడకండ్రా!"

బావ కూడా నవ్వాడు. నా వైపు మాత్రం ఒక్కసారే చూశాడు. మూడు రోజులు కిందే ఉండి రంగులు కలిపాడు. నాలుగో రోజు రాలేదు. వారం తర్వాత వాళ్ళావిడ ఫోను చేసింది.

"అన్నయ్యా, ఈరు పనికి ఎల్లనంతన్నారు. ఏటైనాదో సెప్పరు. మీకేటైనా తెలుసా?"

"నాకేటి తెలుసమ్మా," అన్నాను.

ఆ రోజు పుస్తకం మళ్ళీ తీశాను, ఈసారి సరైన వైపు నుంచి. వణుకు గీతలన్నీ చిన్న చిన్న భయాలకే. కుక్క తరిమినప్పుడు, పెళ్ళాం పిలిచినప్పుడు. మనిషి నిజంగా హడలిపోయిన చోట ఆయన గీతలే గీయలేదు. ఆ మనిషిని అటు తిప్పేసి, వీపు మాత్రం చూపించాడు. అన్నేళ్ళు పనిచేసి ఆయన నేర్చుకున్నది బహుశా అదే. నేను మాత్రం చెమట చుక్కలు నేర్చుకున్నాను.

బావ ఇప్పుడు గోపాలపట్నంలో ఇళ్ళ గేట్లకు, కిటికీ చువ్వలకు రంగులేస్తున్నాడు. పీట కన్నా ఎత్తు ఎక్కడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"గ్రూపులో రాసీత్తాను బావా. ఆ నాలుగోది అబద్దం, నానే కలిపీసినానని."

గేటు గీకడం ఆపకుండానే అన్నాడు: "మొదటి మూడూ నిజమే గదా."

నేనూ ఒక గరుకు కాగితం తీసుకుని చువ్వల తుప్పు గీకడం మొదలెట్టాను. బావే మళ్ళీ అన్నాడు:

"రాత్తే మళ్ళీ అందరూ ఆ బొమ్మ ఎతికి సూత్తారు. ఒగ్గీ, ఇంక దాని జోలికెల్లకు. అప్పుడూ సెప్పొద్దన్నాను, ఇప్పుడూ సెప్పొద్దంతన్నాను."

"మరి నానేటి సెయ్యాల?"

"అంత ఉక్కిరిబిక్కిరిగా ఉంటే ఏ పుస్తకంలోనో రాసుకో. మనోళ్ళెవలు సదూతారు?"

అని తనే నవ్వాడు. ఎదుటివాడు జోకేస్తే దానిమీద ఇంకోటి వెయ్యందే నాకు నిద్ర పట్టదు. ఆ రోజు వెయ్యలేకపోయాను.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ బొమ్మ చూసి నవ్వినవాళ్ళు ఎనిమిది మంది. ఇది వాళ్ళలో ఒక్కడి కంటా పడదు. ఆ ధైర్యంతోనే రాయగలిగానని కూడా ఒప్పుకోవాలి.