మరియమ్మవ్వ ఎర్ర ఫ్లవర్‌వాజు

2022 వానాకాలం. నిజామాబాద్‌లో స్టేషన్ రోడ్డు పక్క సందులో మా పాత గాజు సామాన్ల దుకాణం. లాంతరు చిమ్నీలు, అత్తరు సీసాలు, ఫ్లవర్‌వాజులు కొంటాం, అమ్ముతాం. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో నాకు విసుగు తెప్పించే మాట ఒకటుంది: "ఇది బెల్జియంది." మా దగ్గర కొంచెం మెరిసే గాజు ఏదైనా బెల్జియమే. నిన్నగాక మొన్న కొన్న పెరుగు గిన్నె కూడా.

మరియమ్మవ్వ కూడా ఆ మాటతోనే వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. వర్ని నుంచి బస్సులో, తువ్వాలలో చుట్టిన ఎర్ర వాజుతో దిగింది.

"బెల్జియంది బిడ్డ. జర సూసి కాయితం రాసియ్యి."

టార్చి వేసి చూశాను. తెల్లగాజు మీద ఎర్రగాజు పలుచటి పొర. దీన్ని ఓవర్‌లే అంటాం. ఆ ఎర్ర పొరను చక్రం మీద కోసి, పూలూ ఆకులూ ఉన్నచోట లోపలి తెల్లగాజు కనబడేలా చేస్తారు. ఉత్త రంగు పూసిన సరుకైతే కోసిన అంచులో పొర మందం ఉండదు. ఇందులో గోరుకు తగిలేంత ఉంది. అడుగున పాంటిల్, అంటే గాజును పట్టిన ఇనుపకడ్డీ విడిపించిన మచ్చ, సాఫుగా అరగదీసి ఉంది. ఇది చెక్ దేశపు బొహీమియా పనైనా కావాలి, హంగేరీ పనైనా కావాలి. రెండూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. హంగేరీ సరుకు మీద చాలాసార్లు చిన్న వెండిరంగు స్టిక్కరు తప్ప వేరే గుర్తు ఉండదు.

"అవ్వా, దీనిమీద స్టిక్కరేమన్న ఉండెనా?"

"ఉండె. మొన్ననే సబ్బునీళ్లల్ల నానబెట్టి గీకిన. నీ కాడికి మురికితోని తెస్తే ఏం బాగుంటది?"

ఇన్నేళ్లు నిలిచిన స్టిక్కరు! నుదురు కొట్టుకున్నాను.

కాగితం ఎందుకని అడిగితే చెప్పింది. ఆమె భర్త యేసుదాసు కాలువల ఇంజనీరు బంగ్లాలో వంటమనిషి. చనిపోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూడిక రోజు ఈ వాజులో పూలు పెట్టి చర్చిలో ప్రభువు బల్ల మీద ఉంచాలని ఆమె కోరిక. మరిది కొడుకు ప్రభాకర్ అందరి ముందే అడ్డుపడ్డాడట, పెద్దబాపు యేసుదాసే దాన్ని ఇంజనీరు బంగ్లాలోంచి ఎత్తుకొచ్చాడని.

"గిది దొంగసొమ్ము కాదని రాసియ్యి బిడ్డ."

"గాజు ఎక్కడిదో రాస్త అవ్వా. ఎవరిచ్చిండ్రో నేనెట్ల రాస్త?"

"ఇరవై ఏండ్లు ఇదే పని సేసి గంతేనా?"

వాజు ఫోటోలు తీసుకుని రెండు వారాలు పుస్తకాలు ముందేసుకున్నాను. హైదరాబాద్‌లో పాత గాజు సేకరించే ఒకాయనకు పంపాను. ఆయనా తేల్చలేదు. ఈలోగా అవ్వ మళ్లీ వచ్చింది. వాజు వచ్చిన పెట్టె ఏమైందంటే, పొయ్యిలో పెట్టానంది. చుట్టిన కాగితం ఏమైందంటే, అల్మారాలో పరిస్తే చెదలు తిన్నాయంది. పైగా వాజును గిన్నెలు తోమే పొడితో రుద్దుకొచ్చింది. ఒక పక్క మెరుపు మసకబారింది.

"ఇంకోసారి తోమితే నేను ముట్టనే ముట్ట," అని గట్టిగా అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. ఆ కోపంలోనే అడిగాను: "అసలు ఆ ఇంజనీరు సారు వంటమనిషికి గింత మంచి వస్తువు ఎందుకిచ్చిండు?"

"నీళ్ల సదువుకని అంగేరి పోయిండు గద బిడ్డ. ఆయన వచ్చేదాంక ఆయన తల్లిని మా ఆయననే సూసుకున్నడు. వండిపెట్టిండు, దవఖానకు తోల్కపోయిండు. సారు రాంగనే ఇది చేతుల పెట్టిండు. గా సారు గూడ ఇప్పుడు లేడు."

"అంగేరా? హంగేరీనా? ముందే ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడుగలే. స్టిక్కరు అన్నవ్, పెట్టె అన్నవ్, కాయితం అన్నవ్. మనిషిని అడుగలే."

గొంతు తగ్గించి, ఇచ్చినప్పుడు ఫోటో ఏమైనా దిగారా అన్నాను.

"గోడకే ఉన్నది."

మర్నాడు ఫోటో పట్టుకుని వచ్చింది. వెంట ప్రభాకర్. ఫ్రేములో పట్టడం లేదని ఫోటోను ఎప్పుడో ఒక పక్క కత్తిరించారు. పోయింది సరిగ్గా ఇంజనీరు నిలబడ్డ పక్కే! నాకు ఏడుపొక్కటే తక్కువ. మిగిలింది భుజాన తువ్వాలతో నవ్వుతున్న యేసుదాసు, ఆయన రెండు చేతుల్లోకి వస్తున్న వాజు, అవతలి వైపు నుంచి దాన్ని అందిస్తున్న గడియారం పెట్టుకున్న చేయి. వాజు మీద వెండిరంగు చుక్క కూడా కనబడుతోంది.

"గా చెయ్యి ఎవరిదో ఎట్ల ఎర్క అక్కా?" అని ప్రభాకర్ నన్ను అడిగాడు.

"దొంగిలించినోడు దాన్ని పట్టుకొని ఫోటో దిగి గోడకు పెట్టుకుంటడా?" అన్నాను.

అతను ఫోటోను వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూశాడు. చివరికి, "పెద్దబాపు గిట్ల నవ్వంగ నేనెన్నడు సూడలే," అన్నాడు.

కాగితం రాశాను. రెండు పొరల గాజు, చేత్తో కోసింది, బహుశా హంగేరీది. దీన్ని ఎవరో యేసుదాసు చేతికి అందిస్తున్న ఫోటోను నేను చూశాను. ఇంతకు మించి నాకు తెలియదు. కూడిక రోజు పాస్టర్ గారు దాన్ని చదివారు. చామంతులు పెట్టిన వాజును ప్రభువు బల్ల దాకా మోసింది ప్రభాకరే. అవ్వ నా చేయి పట్టుకుని కూర్చుంది.

రెండు వారాలు పుస్తకాల్లో వెతికిన దేశం పేరు, నా ఎదుట కుర్చీలో కూర్చున్న మనిషి నోట్లోనే ఉంది. అప్పటి నుంచి ఎవరు ఏ వస్తువు తెచ్చినా, ఇది మీ ఇంటికి ఎట్లా వచ్చిందని ముందు అడుగుతున్నాను. విసుగు మాత్రం పోలేదు. పోయిన వారం కోటగిరి నుంచి ఒకాయన వచ్చి, వాళ్ల నాయనమ్మ గ్లాసు బెల్జియందని మొదలుపెట్టాడు. గ్లాసు చాలా మామూలుది, దూరం నుంచే తెలుస్తోంది. అయినా గంటసేపు విన్నాను.