మూత మీది ఇంటిపేరు

మా అమ్మమ్మ పోపు వేసే మూత మీద ఒక జర్మన్ సైనికుడి పేరు ఉండేది. ఇంట్లో ఎవరికీ అది వింతగా ఉండేది కాదు. గిన్నెలన్నాక పేర్లుంటాయి. పెళ్లిలో చదివించినవాళ్ల పేర్లు, పంపకాల్లో తన్నుకోకుండా ముందే కొట్టించుకున్న పేర్లు. ఈయనెవరో అమ్మమ్మ పెళ్లికొచ్చి గిన్నె చదివించి, భోంచేసి వెళ్లాడని చాలా ఏళ్లు నమ్మాను.

యుద్ధకాలంలో తాతయ్య ఎడారిలో రోడ్లు వేసే దళంలో పనిచేశాడు. ఓడిపోయినవాళ్లు వదిలేసి పోయిన సామాన్లలోంచి ఆ గిన్నె తెచ్చుకున్నాడు. సత్తుది, జీడిపప్పు ఆకారం, మోసుకెళ్లడానికి తీగ కాడ. మూతకి మడిచే పిడి ఉంటుంది. మూత తీసి పిడి చాపితే చిన్న పెనం. గిన్నెలో తాతయ్యకి పొలానికి అన్నం వెళ్లేది, మూత మాత్రం పొయ్యి దగ్గరే ఉండిపోయేది. ఆవాలు చిటపటలాడగానే అమ్మమ్మ దాన్ని పప్పు మీద బోర్లించేది. ఆ చుయ్‌మన్న చప్పుడికి నేను ఏ వీధిలో ఉన్నా ఇంటికొచ్చేసేదాన్ని.

"అది మనకి దొరికిన వస్తువే కానీ మన వస్తువు కాదు. పేరుగలవాడు వచ్చి అడిగితే ఇచ్చెయ్యాలి," అనేవాడు తాతయ్య.

"రమ్మనండి. పప్పుచారు పోసి మరీ ఇస్తాను," అనేది అమ్మమ్మ. ఎలాగూ రాడని ఆవిడ ధైర్యం. అయినా ఎందుకైనా మంచిదని, ఊళ్లోకి పేర్లు కొట్టేవాడు వచ్చినప్పుడు గిన్నె అడుగున చుక్కలు చుక్కలుగా తాతయ్య పేరు కొట్టించింది. మూత జోలికి తాతయ్య వెళ్లనివ్వలేదు.

వాళ్లిద్దరూ పోయాక గిన్నె నాకొచ్చింది. వచ్చిందనడం అబద్ధం. ముగ్గురు పిన్నులతో పోట్లాడి తెచ్చుకున్నాను. బంగారం కోసం నోరెత్తని మనిషి సత్తుగిన్నె కోసం ఇంత గోల చేస్తుందేమిటని వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్లయ్యాక అది నాతోపాటు ఒమాన్ వచ్చి, దార్సైట్‌లో మా ఫ్లాటు వంటింట్లో మళ్లీ పోపు పనిలో చేరింది.

కొన్నేళ్ల క్రితం, కొత్త కళ్లజోడు పెట్టుకున్న మర్నాడు, మూత మీది పేరు మొదటిసారి పూర్తిగా చదివాను. ఒక అక్షరం, చుక్క, ఒక పేరు, కింద కొన్ని అంకెలు. ఇలాంటి సామాన్లు సేకరించేవాళ్ల గుంపు ఒకటి ఇంటర్నెట్‌లో దొరికితే అక్కడ ఫొటో పెట్టాను. ఆ అంకెలు సైనికుడి మెడలో ఉండే బిళ్ళ నంబరని వాళ్లే చెప్పారు. దొంగ పేర్లు కనిపెట్టడం కూడా నేర్పారు. ధర పెరుగుతుందని ఇప్పుడు గీసిన పేరయితే గీత లోపల లోహం తళతళలాడుతుంది, అసలుదయితే గీతలో పాత మురికి ఉంటుంది. మా గీతల్లో మురికికి లోటా? రెండు తరాల ఆవాల మసి.

అక్కడ నుంచి పిచ్చి పట్టింది. మత్రా సూక్‌లో పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి, పేరున్న నీళ్లసీసా ఒకటి, మడిచే చెంచా ఒకటి కొన్నాను. పేరు లేనివి నాకొద్దు. హిట్లర్ గుర్తున్నది ఏదైనా సరే, ఊరికే ఇచ్చినా మా గడప దాటనివ్వను. ఈ విషయంలో ఆ గుంపులో సగంమందితో నాకు మాటల్లేవు.

జర్మనీలో పాత సైనికుల వివరాలు వెతికిపెట్టే కార్యాలయం ఒకటుంది. వాళ్ల ఫారం నింపి పంపాను. చాలా నెలలకి, ఈ వివరాలతో ఎవరూ దొరకలేదని జవాబొచ్చింది. మళ్లీ పంపాను, మళ్లీ అదే జవాబు. ఈసారి ఇంకో ముక్క కలిపారు: ఇంటిపేరు ఒక్క అక్షరమే ఇస్తే వెతకడం కష్టమట.

"ఉన్నది ఒక్క అక్షరమే అయితే నేనెక్కణ్ణుంచి తెచ్చేది? నంబరుంది కదా, చూడ్డానికి బద్ధకం," అని రెండు రోజులు తిట్టాను.

"ఏమంటున్నాడు మీ జర్మనీ చుట్టం?" అన్నారు మా ఆయన పేపరు దించకుండా.

"మీకంటే నయం. ఉత్తరానికి జవాబైనా ఇస్తున్నారు."

శుక్రవారాలు మా ఇంటికి ఒక కడపావిడ వచ్చేది. ఇక్కడే ఒక అరబ్బు ఇంట్లో పని. సెలవు రోజున మాతో అన్నం తిని, ఊరికి ఫోన్ చేసుకుని, సాయంత్రం వెళ్లేది. ఆ వారం ఆవిడ ఫోన్ ఆగకుండా మోగుతోంది. ఇంటి యజమానురాలు, ఆవిడ మాటల్లో 'మామ', ఏదో పేరు పట్టుకుని గట్టిగా పిలుస్తోంది. అది ఆవిడ పేరు కాదు.

"ఎవర్నే పిలుస్తోంది?"

"నన్నే అక్కా. నా ఇంటిపేరు అది. ఈడ గుర్తింపుకిచ్చే బతాకా కార్డులో ముందు అదే పడింది. మామ అదే నా పేరనుకున్యాది. ఎన్నితూర్లు సెప్పినా ఇనదు. మా ఊర్లో ఆ పేరు పెట్టి అరిస్తే నలభైమంది పలుకుతారు, మా మొగుని తమ్ముడు కూడా!"

నవ్వుతూనే ఆగిపోయాను. లేచి వెళ్లి మూత తెచ్చుకున్నాను.

మనకి ముందుండే పొడి అక్షరం ఇంటిపేరు, తర్వాతది మనిషి పేరు. బడి రిజిస్టరు నుంచి శుభలేఖ దాకా అంతే. వాళ్లకి అది తిరగబడుతుందని డిగ్రీ చదివిన నాకు తెలియక కాదు, తట్టలేదు. పైగా ఆ పేరు జర్మనీలో మనిషికీ పెడతారు, ఇంటిపేరుగానూ ఉంటుంది. ఇన్నాళ్లూ ఆయన్ని మా వరసలోకి లాక్కుని, పిలవకూడని పేరుతో పిలుస్తూ, పలకలేదని తిట్టాను.

"అంటే మీ జర్మనీ ఆయప్పకి గూడా నా బతుకే పట్టిందా?" అంది కడపావిడ.

ఫారంలో రెండు గళ్లు తారుమారు చేసి పంపాను. ఈసారి దొరికాడు. బందీగా కొన్నేళ్లుండి, ఇంటికి తిరిగొచ్చి, ముసలివాడై పోయాడు. ఆ గుంపులో ఒకాయన పూనుకుని కూతుర్ని కనిపెట్టాడు. ఎనభై దాటినావిడ. మనవరాలి చేత ఇంగ్లీషులో రాయించింది. నాన్న యుద్ధం గురించి మాట్లాడేవాడు కాదట. మూత మీది చేతిరాత మాత్రం ఆయనదేనట. ఫొటోలో మూత లోపల ఆ నలుపేమిటి, కాలిపోయిందా అని అడిగింది. చివర్లో, నాకు ఇస్తారా అని ఒక్క వాక్యం.

ఇన్నేళ్లు వెతికింది ఇవ్వడానికే అనుకున్నాను. మూడు వారాలు జవాబు రాయలేదు.

"అబద్ధం రాసెయ్, పోయిందని," అన్నారు మా ఆయన. పరీక్షిస్తున్నారని తెలుసు. అయినా ఒక పూట ఆలోచించాను.

కడపావిడ తేల్చేసింది. "ఇన్నాళ్లకి సరిగ్గా పిలిస్తివి, వాళ్లు పలికిరి. ఇప్పుడు నువ్వు పలక్కుంటే ఎట్లక్కా?"

ఆ నలుపు మా అమ్మమ్మ పోపు అని, ఆవాలూ ఇంగువా ఎండుమిర్చీ అంటే ఏమిటో పేజీన్నర రాశాను. మూత మీది, గిన్నె మాది అని కూడా రాశాను. దానిమీద తాతయ్య పేరుంది మరి. బేరం కాదు, న్యాయం. ఆవిడ ఒప్పుకుంది. ఒక్కటే కోరింది, తోమకుండా పంపమని.

ఆ శుక్రవారం అందులో ఆఖరి పోపు వేశాను. తిన్నాక కడపావిడ అలవాటుగా మూత తీసుకుని స్టీలు పీచు అందుకోబోయింది. నేను పెట్టిన కేకకి మా ఆయన హాల్లోంచి పరిగెత్తుకొచ్చారు.

ఇప్పుడు గిన్నె మీద స్టీలు పళ్లెం మూస్తున్నాను. గుండ్రటి పళ్లెం, జీడిపప్పు గిన్నె. ఒక పక్క ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది. పళ్లెం కాస్త వంచి సరిచేద్దామన్నారు మా ఆయన. వద్దన్నాను.